పెంచలయ్య గుడ్డు గాల్లో పెట్టాడు

దిగుడుపాళెం సత్రం దినచర్య, నాలుగో పుస్తకం. రాసేవాడు జామీనుదారు అంకయ్య.

ఒకటో రోజు

పొద్దున ఎనిమిదింటికి కుండ పడింది. ఆకాశంలోని పై జైలు నుంచి మనుషుల్ని సముద్రంలోకి దింపే ఆ ఇనప గోళానికి, దిగినవాళ్ళ లెక్కలు చూసే బరువు కచేరీ వాళ్ళు పెట్టిన పేరు చాలా పొడుగు. మేం బెస్తవాళ్ళం మాత్రం కుండ అనే అంటాం. ముప్పై ఏళ్ళు పడవేసుకెళ్ళి ఆ కుండల్ని ఒడ్డుకి లాగాను. ఇప్పుడు నడుం వంగనంటోంది గనక దిగినవాళ్ళకి జామీను ఉంటూ ఈ సత్రం నడుపుతున్నాను.

నా మూడో పుస్తకం తిప్పి పంపుతూ కచేరీ వాళ్ళు "అనవసర విషయములు తగ్గించవలెను" అని ఎర్ర సిరాతో రాశారు. తగ్గిస్తాను. కాకపోతే ఏది అవసరమో ఏది కాదో ముందే తెలిసిన మనిషి దినచర్య రాసుకుంటూ కూర్చోడు, కచేరీలో ఉద్యోగం చేస్తాడు.

దిగినవాడి పేరు పెంచలయ్య. వయసు యాభై ఒకటి. తొమ్మిదేళ్ళు మేడ మీద ఉన్నాడు. పై జైలుని ఊళ్ళో అందరూ మేడ అంటారు; మొగుడు జైల్లో ఉన్నాడనడం కంటే మేడ మీద ఉన్నాడంటే ఆడకూతురికి కాస్త మర్యాదగా ఉంటుంది. నేరం: నలభై రెండు తట్టల ప్రభుత్వ మట్టి. సముద్రం ఊళ్ళోకి వచ్చిన ఏడు, గుడిసె నేల అడుగెత్తు లేపుకుందామని గట్టు తవ్వాడు. నేల కరువైన రోజుల్లో జైళ్ళకి నేల దండగని వాటినీ పైకెత్తేశారు గదా. అట్లా మట్టి దొంగని మట్టి లేనిచోట కూర్చోబెట్టారు. దీని మీద నా అభిప్రాయం అనవసర విషయం కిందకి వస్తుంది కాబట్టి రాయను.

మధ్యాహ్నం చాప మీద మజ్జిగ పెట్టాను. తాగాడు. సగం తాగిన స్టీలు గ్లాసుని గాల్లో ఎంతో పదిలంగా నిలబెట్టి, వదిలేసి, మూడడుగులు వెనక్కి జరిగి చేతులు కట్టుకుని నుంచున్నాడు. గ్లాసు వలలో పడింది.

వల సంగతి చెప్పాలి. మేడ మీద బరువుండదు. ఎక్కడ వదిలిన వస్తువు అక్కడే వేలాడుతుంది. దిగినవాళ్ళకి ఆ అలవాటు పోదు. అందుకని సత్రమంతా మోకాలెత్తున పాత చేపల వలలు కట్టించాను. మేం మధ్యలో వదిలిన సందుల్లో నడుస్తాం. గ్లాసులు, దువ్వెనలు, ఒకసారి ఒకాయన కట్టుడుపళ్ళు, అన్నీ వలలోనే దొరికాయి. మా పిల్లి వేట మానేసింది. భోజనాల వేళకి కొత్తగా దిగినవాడి పక్కన వలలోకి దూకి నోరు తెరుచుకుని కూర్చుంటుంది. ఆయన చేప ముక్కని గాల్లో పెట్టి అన్నం కలుపుకునే లోపల పని అయిపోతుంది.

నిబంధన అందరికీ తెలిసిందే. పదో రోజు లోపల పని దొరకాలి. నలభయ్యో రోజు దాకా ఆ పని నిలవాలి. నలభయ్యో రోజు గ్లాసు పరీక్ష. నెగ్గితే నేల చీటీ వస్తుంది, ఇంటికి పోవచ్చు. లేకపోతే ఇంకో మూడేళ్ళు మేడ. అంతదాకా నిద్ర సత్రంలోనే. పెంచలయ్య ఇల్లు మాకు రెండు వీధుల అవతల. మా అరుగు మీద నుంచుంటే పెంకులు కనిపిస్తాయి. సాయంత్రమంతా నుంచునే ఉన్నాడు, రెండు చేతుల్తో స్తంభం పట్టుకుని.

రెండో రోజు

ఆయన భార్య మస్తానమ్మ వచ్చింది. బస్టాండు దగ్గర కోడిగుడ్ల బండి ఆమెది. మనిషి గట్టిది. వల బయటే ఆగి, మొగుణ్ణి కింద నుంచి పైదాకా చూసింది.

"ఏందయ్యా, కాళ్ళు మరీ చీపురుపుల్లలైపోయినయ్?"

"పైన కాళ్ళకి పనుండదు."

"అదృష్టవంతుడివి. నిలబడి నిలబడి నావి రోలు బండలైపోయినయ్."

టిఫిన్ క్యారియరు చాచింది. ఆయన అందుకోలేదు. చేతులు కట్టుకుని నేల చూశాడు. ఆమె అట్లాగే పట్టుకుని నుంచుంది.

"నామీద కోపమా?" అంది, గొంతు తగ్గించి.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె క్యారియరు చాప మీద పెట్టి పక్కకి తిరిగాక తీసుకున్నాడు.

కూతురు వనజ గేటు అవతల ఉంది, చంకలో మూడు నెలల పాపతో. మొగుడు పూడిక తీసే ఓడలో పని, ఆరు నెలలకోసారి వస్తాడు. తండ్రి పైకి పోయిన రోజున ఈ అమ్మాయికి పదమూడేళ్ళు. ఆ మర్నాటి నుంచి బడి మానేసి గుడ్ల బండి తోసింది. లోపలికి రాలేదు. గేటు మీద నుంచే కేకేసింది:

"అమ్మా! పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పు, ఆయన కలుపుకుంటాడేమో."

ఆయన ఆమెకి పదడుగుల దూరంలో ఉన్నాడు.

"ఉప్పు తక్కువంట," అంది మస్తానమ్మ.

"సరిపోద్దని చెప్పు," అన్నాడు పెంచలయ్య.

నాలుగో రోజు

కరీముల్లా టీ కొట్టులో పనికి తీసుకుపోయాను. కరీముల్లా మంచివాడు. దిగినవాళ్ళలో ఇద్దరికి ఇదివరకే పనిచ్చి, ఆ రెండుసార్లూ కొత్త గ్లాసులు కొన్నాడు. అది రోడ్డు పక్కన నిలబడి తాగే కొట్టు, బల్లలు లేవు.

ఏడుగురు లారీ వాళ్ళు వచ్చారు. పెంచలయ్య ఒక్కొక్కరి ముందుకీ వెళ్ళి, ఛాతీ ఎత్తున టీ గ్లాసు గాల్లో నిలబెట్టి, మూడడుగులు వెనక్కి జరిగి, రెండోవాడి దగ్గరికి పోయాడు. ఎంత శ్రద్ధగా పెట్టాడంటే మొదటివాడి గ్లాసు పగిలినా రెండోవాడు తనది ఆగుతుందనే అనుకున్నాడు. మూడోవాడూ అంతే. నాలుగోవాడు ఒడిసి పట్టబోయి చెయ్యి కాల్చుకున్నాడు.

"మామా," అన్నాడు కరీముల్లా నన్ను పక్కకి పిలిచి, "ఈయన తప్పేం లేదు. భూమిదే తప్పు. కానీ కొట్టు భూమ్మీద ఉంది గదా."

ఆరో రోజు

పరుపుల దుకాణం. పగిలేది ఏమీ లేని చోటు, దూది అంతా. ఈ ఆలోచన వచ్చినందుకు రాత్రే నన్ను నేను మెచ్చుకున్నాను. మధ్యాహ్నం దాకా బ్రహ్మాండంగా కుట్టాడు. భోజనానికి లేస్తూ సూదిని గాల్లో పెట్టాడు.

పధ్నాలుగు పరుపులు తయారై ఉన్నాయి. సూది ఏ పరుపులో పడిందో తెలీదు. దుకాణదారు ముందు చేత్తో తడిమాడు, తరవాత మోచేత్తో, ఆ తరవాత ధైర్యం చేసి కూర్చుని చూశాడు. పదకొండో పరుపులో దొరికింది. సాయంత్రం మమ్మల్ని పంపించేశాడు, నుంచునే మాట్లాడాడు.

తొమ్మిదో రోజు

ఎవరూ పెట్టుకోవడం లేదు. ఉప్పు కొటారు, రంపపు మిల్లు (అక్కడ నేనే వద్దన్నాను), చేపల ఐసు ఫ్యాక్టరీ. రేపటితో గడువు.

పొద్దుగూకే వేళ మస్తానమ్మ వచ్చింది.

"ఇంట్లో వాళ్ళు పనికి పెట్టుకోవచ్చా మామా? రూలు ఒప్పుద్దా?"

"ఒప్పుద్ది. కానీ అమ్మా, నీది గుడ్ల బండి."

"నాకు తెలుసు అది గుడ్ల బండని. తొమ్మిదేళ్ళుగా తోస్తుండా."

"పరుపులే తట్టుకోలేకపోయినయ్."

"పగిల్తే పగిలినయ్. అట్టేసుకుని తింటాం. ఆయన మళ్ళీ పైకి పోతే మటుకు ఏమేసుకుని తినేది?"

కాగితం మీద వేలిముద్ర వేసింది. యజమాని: మస్తానమ్మ. పని: గుడ్ల అమ్మకంలో సహాయం. చదువుతున్నప్పుడు నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

పదకొండో రోజు

ఒక పెద్దావిడ అరడజను అడిగింది. పెంచలయ్య మొదటి గుడ్డు తీసి, తుడిచి, ఆమె కళ్ళ ఎదురుగా గాల్లో పెట్టాడు. ఆమె చెప్పు మీద పడింది. ఆమె ఇంకా చెప్పు వైపే చూస్తోంది. ఆయన వెనక్కి జరిగి, మళ్ళీ వచ్చి, రెండో గుడ్డు అదే ఎత్తున పెట్టాడు.

"అమ్మా," అంది వనజ, "ఆయనకి చెప్పు, ఆవిడ గుడ్లు అడిగింది, అభిషేకం కాదని."

పన్నెండో రోజు

ఇక శిక్షణ మొదలుపెట్టాను. నా పద్ధతి నాకుంది. నేను బడికి పోలేదు. నా చదువంతా కుండల లోపలి గోడల మీద రాతలే. ఒడ్డుకి లాగిన కుండ ఆరేదాకా అందులో కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. "భద్రతా పట్టీని విడువరాదు." "తలుపు తానుగా తెరుచుకొనును, తొందరపడరాదు." మా మేనకోడలు పెళ్ళిలో పెద్దలంతా తలో మంచి మాట చెబుతుంటే నేను ఆ రెండోది చెప్పాను, అందరూ మెచ్చుకున్నారు. ఏ గ్రంథంలోది అని కూడా అడిగారు.

పెంచలయ్యకి మొదటిది నేర్పాను. పట్టీ స్థానంలో గ్లాసు అనుకోమన్నాను. విడువరాదు. గాల్లో పెట్టరాదు. పొద్దున వందసార్లు, సాయంత్రం వందసార్లు. గ్లాసు పట్టుకుని సత్రం చుట్టూ తిరగడం, గ్లాసు పట్టుకుని కథలు వినడం. కథలు నేనే చెప్పాను. వినడంలో ఆయనంత మంచి శిష్యుడు నాకు దొరకలేదు. మధ్యలో ఒక్క మాట అడ్డు రాడు.

ఇరవయ్యో రోజు

ఐదు రోజుల నుంచి ఒక్క వస్తువు కూడా పడలేదు! వల ఖాళీ. పిల్లి చిక్కిపోయి, మమ్మల్నందర్నీ ఒకసారి అసహ్యంగా చూసి, ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. విజయానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

ఇరవై మూడో రోజు

బస్టాండు నుంచి ఫిర్యాదు. గుడ్లు చూపిస్తాడు, ఇవ్వడు.

పోయి చూశాను. నిజమే. కొనేవాడు చెయ్యి చాపుతాడు. పెంచలయ్య గుడ్డు చేత్తో పట్టుకుని ఆ చేతి దాకా తెస్తాడు. జానెడు దూరంలో ఆగిపోతాడు. వాడు ఇంకాస్త చాపితే ఈయన ఇంకాస్త వెనక్కి లాగుతాడు. నుదుటి మీద చెమట. వాడికి కోపం వచ్చి లాక్కోబోతే, ఈయన గుడ్డు రొమ్ముకి హత్తుకుని బండి చుట్టూ పరిగెత్తాడు. చీపురుపుల్లల కాళ్ళతో అంత వేగం వస్తుందని నేను అనుకోలేదు.

"అమ్మా, ఆయన్ని వదలమను. ఆ అన్నకి బస్సు పోతది."

"వదలయ్యా!"

"వదిల్తే పడిపోద్ది గదా," అన్నాడు పెంచలయ్య. అది నేను నేర్పిన మాటే.

చివరికి వనజే దారి చూసింది. బండి ముందు పలక ఒకటి బిగించి, "ఆయన్ని పలక మీద పెట్టమను, కొనేవాళ్ళు తీసుకుంటారు," అంది. పలక మీద పెట్టి మూడడుగులు వెనక్కి జరుగుతున్నాడు, ఏదో నైవేద్యం పెట్టినట్టు. అమ్మకాలు సాగుతున్నాయి. ఈయన గుడ్డు పెట్టే తీరు చూడ్డానికి కాలేజీ పిల్లలు వస్తున్నారట. ఇద్దరు దండం కూడా పెట్టారు.

ముప్పయ్యో రోజు

పరీక్ష కాగితం వచ్చింది. ఇదివరకు పరీక్షలో గ్లాసు కిందపడకపోతే చాలు. ఈ ఏడు ఒక వాక్యం కలిపారు, దాని దగ్గరే నా సత్రం వాళ్ళు ఏడుగురు తప్పారు: "పరీక్షానంతరము గ్లాసు అభ్యర్థి చేతి నుండి అధికారి చేతికి అందవలెను."

పలక కుదరదు. చేతి నుంచి చేతికి.

మధ్యాహ్నం సాధన చేశాం. నేను అధికారిని, ఆయన అభ్యర్థి. "గ్లాసు ఇవ్వు," అన్నాను. ఇవ్వలేదు. పట్టుకుని లాగాను. ఆయన లాగాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని నేను. కాలు మడతపడి వలలో పడ్డాను. తొంభై రెండు కుండల్ని లాగిన వాణ్ణి, నా వలలోంచి నన్ను లాగడానికి ముగ్గురు కావలసి వచ్చారు.

సాయంత్రం అరుగు మీద ఆయన నా దగ్గరికి వచ్చి, "మామా, ఒక మాట. పైన ఏందంటే..." అన్నాడు. అప్పటికే నేను మా నాన్న తిమింగలం తోక పట్టుకుని వదలని కథ మొదలుపెట్టి ఉన్నాను. పట్టుదల గురించి అంతకంటే మంచి కథ లేదు. ఒకటిన్నర గంట పట్టింది. పూర్తయ్యేసరికి ఆయన లేచి వెళ్ళి పడుకున్నాడు.

ముప్పై ఆరో రోజు

కొబ్బరినూనె రాసి చూశాం, జారుతుందేమోనని. జారింది, వలలో పడింది. చక్కిలిగింతలు పెట్టి చూశాం, నవ్వాడు గానీ వదల్లేదు. మస్తానమ్మ బెదిరించింది, బతిమాలింది, చివరికి తనే ఏడ్చింది.

"ఇంకో మూడేళ్ళు నా వల్ల కాదు మామా. రానప్పుడు రాడులే అనుకుని ఉన్నా. ఇప్పుడు రోజూ ఎదురుగా నిలబడి, గుడ్లు తుడిచి పెడతా ఉండాడు. ఇప్పుడు తీసుకుపోతే బండి ఎట్టా తోసేది?"

నా దగ్గర చాలా కథలున్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు.

నలభయ్యో రోజు

కచేరీ మూసేది సాయంత్రం ఐదింటికి. పరీక్ష మూడింటికి మొదలైంది. ఇన్‌స్పెక్టర్ హైమవతి గారు బల్ల అవతల, పెంచలయ్య ఇవతల. గోడ వార బెంచీ మీద నేను, మస్తానమ్మ, పాపని ఒళ్ళో వేసుకుని వనజ. ఈమె రానని పొద్దుట చెప్పింది. మధ్యాహ్నం మాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది.

బల్ల మీద గాజు గ్లాసు, నిండా నీళ్ళు. ఆయన తీసుకున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ పేరు అడిగింది, ఊరు అడిగింది, వానల గురించి అడిగింది. మాటల్లో పెట్టి మరిపించడం పరీక్షలో భాగం. ఆ తరవాత హఠాత్తుగా, "అదుగో, ఆ సీలింగు ఫ్యాను చూడు!" అంది. చూశాడు. గ్లాసు చేతిలోనే ఉంది. చుక్క తొణకలేదు. మస్తానమ్మ నా మోచెయ్యి గిల్లింది.

"బాగుంది పెంచలయ్యా. ఇప్పుడు గ్లాసు ఇలా ఇవ్వు," అని చెయ్యి చాపింది.

చేతి దాకా తెచ్చాడు. జానెడు దూరంలో ఆగాడు.

మూడున్నర అయింది. నాలుగు అయింది. ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి మార్చి చాపింది. లేచి నుంచుని చాపింది. ఆయన చొక్కా తడిసిపోయింది.

"బల్ల మీద పెట్టించుకోండమ్మా," అన్నాను నేను.

"కుదరదండీ పెద్దాయనా. చేతికి అందవలెను అని ఉంది."

నాలుగుంబావు. ఆమె విసుక్కుని కుర్చీలో కూలబడింది.

"పోనీ ఇది చెప్పు పెంచలయ్యా, అసలు ఎందుకివ్వవు?"

ఆయన నా వైపు చూశాడు, మాట్లాడొచ్చా అన్నట్టు. నలభై రోజుల్లో ఆయన్ని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదని నాకు అప్పుడు తట్టింది. నేనూ అడగలేదు. చెప్పడం నాకు అలవాటు.

"చేతి నుంచి చేతికి ఇస్తే నేరం గదమ్మా," అన్నాడు పెంచలయ్య. "పైన పదమూడో రూలు. వస్తువు గానీ తిండి గానీ ప్రాణి గానీ, నేరుగా ఇంకొకరి చేతికి మారకూడదు. గాల్లో పెట్టి మూడడుగులు వెనక్కి జరగాల. అప్పుడు రెండోవాడు వచ్చి తీసుకోవాల. నేను మొదటేడు పక్కవాడికి జొరమొచ్చిందని గ్లాసు చేతికిచ్చినా. ఇరవై రోజులు చీకటి గదిలో వేసినారు. కింద గాల్లో పెడితే పడిపోతుందని మామ నేర్పినాడు, మంచిదే. గాల్లో పెట్టకూడదు. చేతికీ ఇవ్వకూడదు. ఇక యాడ పెట్టేదమ్మా?"

"ఆ రూలు పైన కదయ్యా!"

"నేల చీటీ వచ్చేదాకా పై రూలే వర్తిస్తుందని దింపేటప్పుడు సంతకం పెట్టించుకున్నారు. చీటీ ఇంకా రాలా."

ఇన్‌స్పెక్టరమ్మ బీరువాలోంచి రూళ్ళ పుస్తకం తీసింది. ఒకసారి చదివింది. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివింది. మస్తానమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. క్యారియరు చాచి నుంచున్న రోజు గుర్తొచ్చిందేమో.

"పెద్దాయనా," అంది ఇన్‌స్పెక్టరమ్మ చివరికి, చాలా మెల్లగా, "ఈ ఏడు నేను పదకొండు మందిని పాస్ చేశాను. అరవై మందిని ఫెయిల్ చేసి పైకి పంపాను."

"అవునమ్మా."

"పాసైన పదకొండు మందీ రూలు మీరినవాళ్ళు."

ఫెయిలైన అరవై మంది ఎవరో ఆమె చెప్పలేదు. వాళ్ళలో ఏడుగురు నా సత్రం వాళ్ళు. ఏడుగురికీ నేను తిమింగలం కథ చెప్పాను.

నాలుగు నలభై అయింది. ఆమె వేలు పెట్టి పదమూడో రూలు కింద చిన్న అక్షరాలు చదివింది. "అధికారి వ్రాతపూర్వక ఉత్తర్వు ఉన్నచో తప్ప." వెంటనే తెల్లకాగితం తీసి రాసింది: పెంచలయ్య అను అభ్యర్థి ఒక గాజు గ్లాసును నా చేతికి నేరుగా ఇచ్చుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. ముద్ర కొట్టింది. కాగితం ఆయనకి చాపింది.

ఆయన తీసుకోలేదు.

ఆమెకి ఒక క్షణం పట్టింది అర్థం కావడానికి. కాగితం బల్ల మీద పెట్టింది. కుర్చీ పక్కకి జరిపి, ఒకటి, రెండు, మూడు అడుగులు వెనక్కి వేసింది. పెంచలయ్య ముందుకొచ్చి, ఎడం చేత్తో కాగితం తీసుకుని, పూర్తిగా చదివాడు. ముద్ర వెలుతురుకి పెట్టి చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తరవాత బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి గ్లాసు ఆమె అరచేతిలో పెట్టాడు. పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే తీశాడు.

గ్లాసు ఆమె చేతిలో ఉంది. ఆమె అది ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకునే ఉంది. తరవాత నీళ్ళు తాగేసింది.

నాలుగు యాభై రెండు. నేల చీటీ పుస్తకం తెరిచింది. పెంచలయ్య వచ్చి మా బెంచీ పక్కన నుంచున్నాడు. ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లు నింపితే గానీ సంతకానికి లేదు. మస్తానమ్మ, భార్య. వనజ, కూతురు.

"పాప పేరు?"

అల్లుడు ఓడ దిగి వస్తే బారసాల అనుకున్నారు. పాప అనే పిలుస్తున్నారు.

"పేరు లేకపోతే ఈ గడి ఖాళీగా ఉంటుంది. గడి ఖాళీగా ఉంటే చీటీ చెల్లదు. త్వరగా చెప్పండి, ఎనిమిది నిమిషాలే ఉన్నాయి."

"నీ మొగుడు ఏమనుకున్నాడే?" అంది మస్తానమ్మ.

"ఆయన అమ్మ పేరంటాడు. ఆమె పేరు నాకొద్దు."

"ఇప్పుడు రాయించు, తర్వాత మార్చుకుందువు."

"తర్వాత మారుద్దా ఏంది? నీ పేరు మారిందా? బస్టాండంతా గుడ్ల మస్తానమ్మే గదా!"

ఇద్దరికీ గొంతులు లేచాయి. ఆ గోలకి పాప లేచి, గది అదిరేలా ఏడుపు ఎత్తుకుంది. మస్తానమ్మ రెండు చేతుల్తో తల పట్టుకుంది. వనజ పాల సీసా కోసం సంచిలో చెయ్యి పెట్టింది; అందలేదు; ఒళ్ళో పాప జారుతోంది; చటుక్కున పక్కన ఎవరున్నారో చూడకుండా పాపని చాచి, "పట్టుకో!" అంది.

పక్కన ఉన్నది పెంచలయ్య.

జేబులోని ఉత్తర్వు ఒక గాజు గ్లాసుకి మాత్రమే. చీటీ మీద సంతకం ఇంకా పడలేదు. పదమూడో రూలులో ప్రాణి అనే మాట ఉంది. ఇవన్నీ నాకు ఆ క్షణంలో ఎంత తొందరగా తట్టాయో చెప్పలేను. ఆయనకీ తట్టే ఉంటాయి, మొహం పాలిపోయింది. వనజ అప్పుడు తలెత్తి ఎవరికిస్తున్నదో చూసింది. చేతులు వెనక్కి తీసుకోలేదు.

ఆయన జానెడు దూరంలో ఆగలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ కలం పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. తరవాత కుర్చీ తిప్పుకుని, కిటికీలోంచి సముద్రం చూసింది. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు. ముప్పై ఏళ్ళు దాని మీద తిరిగినవాణ్ణి, నాకు తెలుసు. మళ్ళీ ఇటు తిరిగి, గడిలో "పాప" అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టింది. నాలుగు యాభై తొమ్మిది.

మేం లేస్తుంటే నన్ను ఆపింది.

"పెద్దాయనా, గ్లాసుకీ సంతకానికీ మధ్య జరిగిన ఆ సంగతి దినచర్యలో అవసరం లేదు."

అనవసర విషయాలు తగ్గించవలెనని కచేరీ వాళ్ళు నాకు ముందే చెప్పి ఉన్నారు. కాబట్టి అది రాయడం లేదు. ఇంటి దాకా రెండు వీధులూ పాపని ఆయనే మోశాడనీ, గుమ్మం దగ్గర వనజ పాలకి తీసుకోబోతే ఆయన సరిగ్గానే ఇచ్చాడనీ, పాపే ఆయన మీసం పట్టుకుని వదల్లేదనీ, "అబ్బ, వదలమను దీన్ని!" అని ఆయన అరిస్తే, "నువ్వే చెప్పుకో," అని వనజ నేరుగా ఆయనతోనే అందనీ, అది కూడా రాయడం లేదు.